రెండు రాత్రుల బస

సంచిలో సర్దిన బట్టలన్నీ మళ్ళీ బయటికి తీసి మంచం మీద పడేసింది ఆమె.

పిచ్చుక గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాలుగో తరగతి పిల్ల. నోరు క్షణం ఊరుకోదు కాబట్టి ఇంట్లో ఆ పేరే స్థిరపడింది. ఇప్పుడు మాత్రం మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మా, మనం వెళ్ళట్లేదా?"

"వెళ్ళట్లేదని ఎవరన్నారు?"

"మరి బట్టలు తీసేశావుగా."

"మడతలు సరిగ్గా లేవు. మళ్ళీ సర్దుతాను."

మడతలు సరిగ్గానే ఉన్నాయి. బట్టల దుకాణంలో ప్యాంట్లు పొట్టి చేస్తూ, నడుములు వదులు చేస్తూ ఏళ్ళ తరబడి ఆల్టరేషన్ బల్ల ముందు కూర్చున్న మనిషి మడత తప్పదు. ఆ సంగతి పిచ్చుకకూ తెలుసు.

ముందు గదిలోంచి అత్తగారి గొంతు లేచింది. "ఏమే పిచ్చుకా, నా చెప్పులకు కొత్త అట్ట వేయించావా? అక్కడ గడియార స్తంభం దగ్గర మెట్లుంటాయట. జారిపడ్డానంటే మీ నాన్న నన్ను మూట కట్టి మోసుకురావాలి."

"వేయించాను నానమ్మా!"

ఎల్లుండి పొద్దున నగరానికి బస్సు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. డ్రైవర్ల కుటుంబాలకు బస్సు కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే ఉచిత పాసు, ప్రయాణికులు పల్చబడే ఈ ఆకురాలే కాలంలోనే చెల్లుతుంది. సెలవుల రద్దీ మొదలైందంటే పాసు చిత్తు కాగితమే. ఇన్నేళ్ళూ ఏదో ఒక అడ్డం వచ్చింది. ఈసారి పట్టుబట్టి ఆమే అన్నీ కుదిర్చింది. తిండికి రొట్టెలు, ఉడికించిన గుడ్లు ఇంటి నుంచే. చూడ్డానికి గడియార స్తంభం, పెద్ద తోట, నది ఒడ్డు. టికెట్టు లేనివే ఏరి పెట్టుకుంది. తేలనిది బస ఒక్కటే. దాని కోసమే నిన్న డిపోకు వెళ్ళింది.

వెళ్ళకపోయినా బాగుండేది.

నగరంలో రాత్రి ఆగే డ్రైవర్లకు కంపెనీ వాళ్ళ గది ఒకటుంది. అందులో కిటికీ పక్క మంచం తనదని, గాలి హాయిగా వస్తుందని భర్త ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ గదికి ఆనుకుని కుటుంబాలకు కూడా ఏదైనా చోటిస్తారేమో అడిగింది. టీ తాగుతున్న కండక్టరు పకపకా నవ్వాడు.

"అన్నయ్య ఆ గదిలో పడుకోవడమా? భలేదానివి వదినా! బండి ఆపడం ఆలస్యం, సంచి భుజాన వేసుకుని చక్కా పోతాడు. మళ్ళీ పొద్దున స్టీరింగు దగ్గరే దర్శనం. ఆయన మంచం మీద నా సామాను పెట్టుకుంటున్నాను, పుణ్యాత్ముడు."

నవ్వుతూ నవ్వుతూ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"అంటే... చుట్టాలెవరైనా ఉన్నారేమోలే," అని గ్లాసులోకి చూస్తూ గొణిగాడు.

వాళ్ళకు ఆ నగరంలో చుట్టాలు లేరు.

కింద గేటు చప్పుడైంది. మెట్ల మీద బూట్ల అడుగులు. డ్యూటీ దిగి భర్త వచ్చాడు. ఎప్పటిలాగే బూట్లు గోడవారగా విడిచి, టిఫిన్ డబ్బా తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. ఆమె మూత తీసి చూసింది. డబ్బా శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. ఎప్పుడూ అలాగే వస్తుంది. డిపో కుళాయి దగ్గర మగవాడు కడిగిన డబ్బా మూత అంచున జిడ్డు లేకుండా ఉంటుందా అని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

"తలనొప్పా?" అన్నాడు ఆమె ముఖం చూసి.

"అన్నం పెడతాను. కాళ్ళు కడుక్కోండి."

* * *

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మంచి హుషారు మీద ఉంది. ఆవిడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనికి చేరినప్పుడు జడలో రిబ్బను ఉండేదట. మానేసేసరికి జుట్టే పల్చబడింది. అంతకాలమూ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళిన ప్రతి ప్యాకెట్టు మీదా నగరపు గడియార స్తంభం బొమ్మ.

"ఆ బొమ్మలో ఎప్పుడూ పదీ పదే," అంది ముద్ద కలుపుతూ. "పొద్దుటి షిఫ్టుకెళ్ళినా పదీ పదే, రాత్రి షిఫ్టుకెళ్ళినా పదీ పదే. మా సూపర్‌వైజరు వాచీ కూడా దాన్ని చూసే పెట్టుకునేవాడేమో, ఏనాడూ మమ్మల్ని టైముకి ఇంటికి పంపలేదు. అసలు గడియారమన్నా తిరుగుతుందో లేదో నా కళ్ళతో చూడాలి. ఏరా, తిరుగుతుందా?"

"తిరుగుతుందమ్మా."

"నువ్వు పడుకునే చోటు దానికి దగ్గరేనా?"

"కొంచెం దూరం."

"నడిచేంత దూరమేనా?"

అతను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. అన్నం వడ్డిస్తూనే ఆమె కూతురి వైపు తిరిగింది. "పిచ్చుకా, నడిచేంత దూరమేనా అని నానమ్మ అడుగుతోంది. మీ నాన్నను చెప్పమను."

"నాన్నా, నడిచేంత..."

"వినబడింది," అన్నాడతను.

"వినబడితే జవాబు కూడా చెప్పమను."

అత్తగారు కంచంలోంచి తలెత్తింది. "ఏమిటర్రా ఇది? ఉన్నదే రెండు గదులు. మధ్యలో పోస్టాఫీసు ఎవరు పెట్టారు?"

ఎవరూ నవ్వలేదు.

"బస సంగతి నేను చూసుకుంటానని చెప్పానుగా," అన్నాడతను. "చవగ్గా ఏదో లాడ్జీ దొరక్కపోదు."

"లాడ్జీలో పడుకునే స్తోమతే ఉంటే గుడ్లు ఉడకబెట్టుకుని వెళ్ళడం దేనికి?" అంది ఆమె. ఈసారి సూటిగా అతనితోనే. "మీ కిటికీ పక్క మంచం ఏమైంది?"

"అక్కడికి ఆడవాళ్ళను రానివ్వరు."

"అవునా? ఎవర్ని రానిస్తారో, అసలు ఎవరు వస్తున్నారో నిన్న డిపోలో కనుక్కున్నాను."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

అత్తగారు కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు. పిచ్చుక కంచంలో మిగిలిన గుడ్డు ముక్క చూపించి, "తిను, తిను. ఊరికి బయల్దేరేవాళ్ళు అన్నం పారేయకూడదు," అంది నెమ్మదిగా.

* * *

ఉతికిన బట్టల బకెట్టు తీసుకుని ఆమె డాబా మీదికి వెళ్ళింది. అతను వెనకే వస్తాడని తెలుసు. వచ్చాడు.

మిగతా వాటాల వాళ్ళ దుప్పట్లు తీగల నిండా వేలాడుతున్నాయి. కింద వీధి చెట్లు సగం పసుపెక్కాయి. గాలి వీచినప్పుడల్లా ఆకులు డాబా మీద గరగరమంటూ జరుగుతున్నాయి. అతను అటూ ఇటూ చూశాడు, ఎవరైనా ఉన్నారేమోనని.

"ఎవరూ లేరు. నేను చూశాను," అంది ఆమె. "చెప్పండి. ఎవరావిడ?"

"ఛ. ఏం మాటలవి?"

"ఎలాంటి మాటలు కావాలో మీరే చెప్పండి, అవే అడుగుతాను. బండి దిగి ఎక్కడికి పోతున్నారు? నా డబ్బా ఎవరు కడుగుతున్నారు?"

"నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నాకే తెలియట్లేదు. నిన్నటి నుంచి కుట్టినప్పుడల్లా సూది వేలికే దిగుతోంది."

అతను పిట్టగోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బస్సు తోలేటప్పుడు తప్ప మిగతా వేళల్లో ఆ చేతులకు ఏం చెయ్యాలో తెలియదు. ఆమె బకెట్టులోంచి అతని ఖాకీ చొక్కా తీసి దులిపింది. తీగ మీద వెయ్యబోయి, వెయ్యకుండా అతని ముందు పట్టుకుంది.

"ఇదిగో, ఈ రెండో గుండీ. పోయిన నెల ఊడిపోయి ఉంటే, కుట్టి ఇస్తానుండండి అంటే ఆలస్యమైందని అలాగే పోయారు. వచ్చేసరికి గుండీ ఉంది. నేనే కుట్టి మర్చిపోయాననుకున్నాను. మరి చూడండి, నేనెప్పుడైనా ఖాకీ మీద నల్లదారం వేస్తానా? వేసిందెవరు? మీ కండక్టరా?"



గుండీ లాగి చూపించబోయింది. లాగితే రాలేదు. బొటనవేలు దాని కిందికి పోనిచ్చి తడిమింది. గుండీకీ గుడ్డకీ మధ్య కొంచెం దారం కాడలా వదిలి, ఆ కాడ చుట్టూ గట్టిగా మెలికలు వేసి, ముడి బయటికి కనబడకుండా లోపలే తొక్కేసి ఉంది. దుకాణంలో ఎవరికీ అంత ఓపిక ఉండదు. ఆమె కుడుతుంది అలా. ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. తను మళ్ళీ ఒక్కరికే నేర్పింది.

ఆ పిల్ల మొదట్లో ముడి లోపల తొక్కడం రాక, దారం పళ్ళతో కొరికి తిట్లు తినేది.

"చిన్నది," అంది ఆమె.

ఆ మాట ఈ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఎవరూ అనలేదు.

చిన్నది అతని చెల్లెలు. ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచి వదిన కొంగు వదలకుండా తిరిగిన పిల్ల. ఇంట్లో కుట్టుమిషను పాడైతే బాగుచెయ్యడానికి ఒకతను వచ్చేవాడు. చేతిలో నూనె డబ్బా, చెవి మీద పెన్సిలు. పెళ్ళాం పోయిన మనిషి, ఇంట్లో ఒక పసిబిడ్డ. ఒకరోజు చిన్నది అతనితో వెళ్ళిపోయింది. ఏ ఊరు వెళ్ళిందో కూడా ఎవరికీ తెలియదు. అత్తగారు ఆ రోజే కూతురు చచ్చిపోయిందంది. "నీ మిషనే తెచ్చింది వాణ్ణి. నువ్వే దగ్గరుండి సాగనంపావు," అని కోడల్ని నలుగురిలో నిలబెట్టి అడిగింది. అప్పటి నుంచీ అవసరానికి తప్ప మాట్లాడలేదు.

"బాగుందా అది?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"బాగుంది. ఒక బాబు పుట్టాడు. ఆ పెద్దపిల్ల కూడా దీన్నే అమ్మా అంటుంది. ఇల్లు చిన్నదే. ముందు భాగంలో ఆయన మిషన్లు బాగుచేస్తాడు, వెనక ఇది గౌన్లు కుడుతుంది. నేను వెళ్ళిన రోజు వసారాలో పక్క వేస్తుంది." ఒక్కసారి మొదలయ్యాక అతనికి మాటలు ఆగడం లేదు. "నిన్నే అడుగుతుంది ఎప్పుడూ. వదినకు వేళ్ళ నొప్పి తగ్గిందా, పిచ్చుకకు చదువు వస్తోందా అని. నువ్వు చెప్పినట్టే కుడుతుందట."

ఆమె ముఖంలోకి సంతోషం వచ్చింది. అది కాస్త నిలిచాక ఇంకేదో దాని మీదికి వచ్చింది.

"ఎప్పటి నుంచి వెళ్తున్నారు?"

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీ అంటే? దాని అడ్రసు మీకెలా తెలిసింది?"

అతను పిట్టగోడ మీద అంటుకున్న ఆకొకటి గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నాను."

"నా బస్సులోనే వెళ్ళింది," అన్నాడు. "ముందురోజే నాకు చెప్పింది. ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దంది. ఇద్దర్నీ ఎక్కించుకుని నేనే దింపాను."

ఎక్కడో కింద ఎవరో తివాచీ దులుపుతున్నారు. దబ్, దబ్, దబ్.

"ఆ రోజు మీ అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగింది," అంది ఆమె. "కింది వాటా వాళ్ళు, ఎదురింటి వాళ్ళు అందరూ ఉన్నారు. ఒట్టు వేసి చెప్పాను, నాకు తెలియదని. నువ్వు కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నావు. ఒక్క బూటుకి అంతసేపు పట్టింది నీకు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అతనికి అది తగిలింది. ఆమె దిద్దుకోలేదు.

"నాన్న పోయిన ఏడే అది. నేనూ కలిసి మోసం చేశానంటే అమ్మ తట్టుకోదనుకున్నాను. నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. తర్వాత... చెప్పే వీలు లేకుండా పోయింది."

"నేను తట్టుకుంటానని ఎలా అనుకున్నావు?"

"నువ్వు గట్టిదానివి కదా."

"అవును. గట్టిగా ఉంటుందనేగా గోడకి మేకు కొడతారు."

అతను దగ్గరికి రాబోయాడు. ఆమె మధ్యలో తడి చొక్కా తీగ మీద ఆరేసింది. క్లిప్పులు పెట్టింది. చేతులు పని చేసుకుపోతూనే ఉన్నాయి.

"పోయిన వారమంతా అత్తయ్య రావద్దని గోల చేశావు. మోకాళ్ళు, మెట్లు, చలిగాలి అన్నావు. ఇందుకన్నమాట."

"మనం ముగ్గురమే అయితే తిన్నగా అక్కడికే తీసుకెళ్దామనుకున్నాను. చెప్పకుండా ఆ గుమ్మంలో నిలబెడితే నువ్వు ఎంత సంతోషిస్తావో అని..." అతని గొంతు తగ్గింది. "నువ్వేమో అమ్మ రాకపోతే నేనూ రానన్నావు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పోయిన వారం అత్తగారి కోసం ఆమె పోట్లాడింది నిజమే. ఆ పోట్లాట పుణ్యమా అనే అత్తగారు మళ్ళీ పూర్తి వాక్యాలు మాట్లాడుతోంది. మొన్న సాయంత్రం "అమ్మాయ్" అని కూడా పిలిచింది.

"లాడ్జీ కోసం చేబదులు అడిగాను," అన్నాడతను. "ఎక్కడా పుట్టలేదు. ఇక ఉన్న దారి ఒకటే. బస్సు రద్దయిందని అమ్మతో చెప్పేద్దాం. వచ్చే ఏడాది చూద్దాం."

"ఇంకో అబద్ధం."

"మరి ఏం చెయ్యమంటావు?"

"మీ అమ్మకు నిజం చెప్పు. ఇవాళే."

"చెబితే రాదు. ఇంట్లోనూ ఉండదు, మా పెద్దమ్మ ఇంటికి పోయి కూర్చుంటుంది. ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఎంత ఆశ పెట్టుకుందో చూశావుగా."

"చూశాను. నా ఆశ సంగతి కూడా విను. నాకు నగరం వద్దు, తోట వద్దు. నా మీద పడ్డ మాట నువ్వు తీసెయ్యి. అది నీ ఒక్కడి చేతిలోనే ఉంది. నేను చెబితే ఆవిడ నమ్మదు. నమ్మినా, మొగుడి మీదికి తోసేసిందంటుంది."

"అమ్మా!" మెట్ల దగ్గర పిచ్చుక. "నానమ్మ కోటు వేసుకుంది! కింది వాటా ఆంటీకి చూపిస్తోంది. నిన్ను రమ్మంటోంది."

* * *

దుకాణంలో ఎవరో ఆల్టరేషన్‌కి ఇచ్చి మళ్ళీ రాని కోటు అది. యజమాని ఇచ్చేస్తే ఆమె భుజాలు దించి, చేతులు తగ్గించి అత్తగారికి సరిపోయేలా చేసింది. అత్తగారు గది మధ్యలో అటూ ఇటూ తిరుగుతోంది. కింది వాటా ఆవిడ గడ్డం కింద వేలు పెట్టుకుని మెచ్చుకుంటోంది.

"అచ్చం ఫ్యాక్టరీ యజమానురాలిలా ఉన్నారు పిన్నిగారూ!"

"ఆవిడకీ నాకూ తేడా ఏముంది? ఆవిడ బిస్కెట్లు అమ్మేది, నేను చుట్టేదాన్ని," అంది అత్తగారు. "మా కోడలే కుట్టింది. చేతి పని చూడు, అతుకెక్కడో చెప్పు చూద్దాం."

మా కోడలు అంది. కింది వాటా ఆవిడ కూడా ఆ మాట పట్టుకుని ఆమె వైపు ఓరగా చూసి వెళ్ళిపోయింది.

"ఇలా రా, అమ్మాయ్. కూర్చో," అంది అత్తగారు.

కూర్చుంది. అతను ఖాళీ బకెట్టుతో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఊరు కదిలేముందు మనసులో ఏదీ పెట్టుకోకూడదు," అంది అత్తగారు. మాటలు ముందే అనుకుని పెట్టుకున్నట్టున్నాయి, ఒక్కొక్కటే జాగ్రత్తగా తీస్తోంది. "వాడు నన్ను వద్దన్నాడు. నువ్వు రమ్మన్నావు. కడుపున పుట్టినవాడికి లేనిది నీకుంది. అందుకని చెబుతున్నాను. ఆ... దాని విషయంలో నువ్వు చేసిన పని నేను మర్చిపోయాను. ఇక ఆ మాట నా నోట రాదు. క్షమించేశాను, పో."



ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మెత్తదనం. చెయ్యి చాపితే అందుతోంది. తలూపితే చాలు, ఇల్లు చల్లబడుతుంది. రెండు రాత్రులకు ఎక్కడో ఒక వరండా అయినా దొరుకుతుంది. గడియారం తిరుగుతుందో లేదో ఈవిడ చూస్తుంది. పిచ్చుక బస్సు కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. చెయ్యని తప్పుకి క్షమాపణ పుచ్చుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

గుమ్మం వైపు చూసింది. అతను అప్పుడే ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. గండం గడిచిన మనిషిలా ఉన్నాడు.

అది చూడకపోయి ఉంటే తలూపేదేమో.

"వద్దత్తయ్యా," అంది.

"ఏం వద్దు?"

"క్షమాపణ. నేను చెయ్యనిదానికి పుచ్చుకోలేను."

అత్తగారి ముఖం బిగిసింది. "ఇన్నేళ్ళైనా ఒప్పుకోవన్నమాట. పోనీ కదా అని నేనే దిగివస్తే..."

"ఒప్పుకోవాల్సిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. అడగండి."

బకెట్టు నేల మీద పెట్టిన చప్పుడు. "పిచ్చుకా, నువ్వు కిందికెళ్ళి ఆడుకో," అన్నాడతను.

"ఉండనీ," అంది ఆమె. "దాని మేనత్త సంగతే కదా."

"నాకు మేనత్త ఉందా?" అంది పిచ్చుక.



"ఏరా?" అంది అత్తగారు.

అతను వచ్చి తల్లికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నీ కోడలికేం తెలియదమ్మా. అది వేసిన ఒట్టు నిజమే. చిన్నది నాకు చెప్పింది. నా బస్సులోనే... నేనే దింపి వచ్చాను."

అత్తగారు తిట్టలేదు. గుండెలు బాదుకోలేదు. ఆవిడ అరిస్తే బాగుండునని ముగ్గురికీ అనిపించింది. కోటు చేతుల అంచులు కిందికి లాక్కుంది.

"ఏ సీటులో కూర్చోబెట్టావు?"

"ఆఁ?"

"దాన్ని. ఏ సీటులో?"

"నా వెనకాలే. మొదటి వరస."

"ఏడ్చిందా?"

"బండి నడుపుతున్నానమ్మా. తెలియదు."

"అద్దం ఉంటుందిగా నీ ముందు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ కనబడే అద్దం. అందులో అది కనబడలేదా?"

"చూళ్ళేదు," అన్నాడు. "చూస్తే బండి ఆపేసేవాణ్ణి."

ఆవిడ తల ఊగింది. అది ఔననడమో కాదనడమో తెలియలేదు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది, ఫ్యాక్టరీలో లెక్క తప్పినవాళ్ళను నిలదీసే గొంతులా.

"ముందు రాత్రి నాతో పోట్లాడింది. వాడి పేరు ఎత్తిందని అన్నం గిన్నె ముందు నుంచి లాగేశాను. ఖాళీ కడుపుతో పడుకుంది. తెల్లారేసరికి లేదు." కొంచెం ఆగింది. "దారిలో ఏమన్నా తిన్నదా?"

అతను నేల చూపులు చూశాడు. "గుర్తు లేదమ్మా."

"గుర్తు లేదు." అత్తగారు కొడుకుని వదిలేసి కోడలి వైపు తిరిగింది. ఇందాకటి మెత్తదనం ఆ కళ్ళలో లేదు. కోపమూ కాదు. ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని చూపేదో ఉంది. "వీడికి తెలియదు. నీకు ఎలాగూ తెలియదు. మరి ఎవర్నడగాలి నేను?"

జవాబు ఆమె నాలుక చివరే ఉంది: చిన్నదాన్నే అడగొచ్చు, అది ఆ నగరంలోనే ఉంది. పళ్ళ బిగువున ఆపుకుంది. ఇది తను కాదు, అతను చెప్పాల్సిన మాట.

అతను ఇంకా తలెత్తలేదు.